గుర్రుమనని కుక్క

టైలరమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది. "ఇక్కడ కొంచెం లూజు పెట్టమ్మా" అని ఎవరైనా అంటే, "బట్ట మీది, ఒళ్లు మీది, కుట్టేది మాత్రం నేను" అనేది. అయినా వీధి వీధంతా ఆమె దగ్గరికే వచ్చేది. ఆమె కుడితే బట్ట ఒంటికి అతికినట్టు ఉండేది మరి. ఇంటి ముందు గదే దుకాణం. కిటికీ పక్కన మిషను, మధ్యలో కటింగ్ బల్ల, బల్ల కింద బొగ్గు. బొగ్గంటే ఆమె పెంచుకున్న నల్ల కుక్క.

బల్ల కిందికి ఎవరు వంగినా బొగ్గు గుర్రుమనేది. టైలరు దుకాణంలో వంగనివాళ్లెవరు? దారపు ఉండ దొర్లుతుంది, బొత్తాం జారుతుంది. ఒకామె అయితే కొలతలు కూడా ఇవ్వకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

టైలరమ్మ ఊరుకునే రకం కాదు. గుర్రుమన్నప్పుడల్లా చెక్క స్కేలుతో మూతి మీద ఒక్కటిచ్చేది. ఎండలు పోయి వానలు మొదలయ్యేసరికి బొగ్గు గుర్రుమనడం మానేసింది. ఎవరైనా వంగితే ఒళ్లు బిగబట్టి, చెవులు వెనక్కి వేసి, కళ్ల కొసల్లోంచి చూసేది. ఆ చూపు గమనించే తీరిక ఎవరికుంది? కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు దానికి 'మౌనముని' అని పేరు కూడా పెట్టారు. "దారికి తేవడం మన చేతుల్లోనే ఉంటుంది" అని ఆమె మురిసిపోయేది. మొరిగే కుక్క కరవదని చెప్పిన పెద్దలు, నోరు మూయించిన కుక్క సంగతి మాత్రం చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం అత్తగారు చొక్కాలకు బొత్తాలు కుడుతూ, కింద పడ్డ సూదుల డబ్బా కోసం బల్ల కిందికి చెయ్యి పెట్టింది. కుక్క నుంచి చప్పుడే లేదు. ఆవిడ కేక మాత్రం వీధి చివరిదాకా వినిపించింది. అరచేతికి కుట్లు పడ్డాయి, టీకాలు వేయించుకోవాల్సి వచ్చింది.

"కోడలు చేయలేని పని కుక్క చేసిందిరా" అని వీధిలోవాళ్లు నవ్వుకున్నారు. టైలరమ్మకు నవ్వు రాలేదు. అత్తగారంటే ఆమెకు పట్టరాని ప్రేమేమీ లేదు గానీ, ఆ చేతికి కట్టు మాత్రం రోజూ తానే మార్చేది.

"దాన్ని ఎక్కడైనా వదిలేసి వస్తా" అన్నాడు లారీ నడిపే భర్త.

"ఒక్కసారి డాక్టరుకు చూపిద్దామండీ. తర్వాత మీ ఇష్టం."

పశువుల డాక్టరు కుక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంతకుముందు గుర్రుమనేదా?"

"అనేదండీ. నేనే మాన్పించా..." అలవాటైన గర్వంతో మొదలుపెట్టిన మాట సగంలోనే ఆగిపోయింది.

"గుర్రుమనడం మాన్పించారు. భయం మాన్పించలేదుగా! పక్కకు జరగమని చెప్పడానికి దానికున్నది ఆ ఒక్క మాటేనమ్మా. దానికి వేరే చోటు చూపించండి. కొట్టకండి."

"సరే" అన్నాడు భర్త, బయటికొచ్చాక. "ఇంకొక్కసారి ఎవరి మీదైనా దాని పన్ను పడిందో, ఎవరి మాటా వినను."

బొగ్గు పడుకునే గోనెపట్టా వెనక గదిలోకి మారింది. గుమ్మానికి అడ్డంగా నడుమెత్తు చెక్క వచ్చింది. మనుషులు వచ్చే వేళ అది అక్కడే. బయటికి తీసుకెళ్తే కరవకుండా మూతికి జాలీ. స్కేలు బట్ట మీద గీత గీయడానికి తప్ప పైకి లేవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి. అయినా బొగ్గు నోరు విప్పలేదు. అదే టైలరమ్మ భయం. అది ఎప్పుడు కరుస్తుందో తెలిసే దారిని తానే మూసేసింది.

ఒక సాయంత్రం దుకాణం కట్టేశాక బొగ్గు ముందు గదిలో బల్ల పక్కన పడుకుంది. అత్తగారు టీ గ్లాసులతో దాని మీదుగా రాబోయింది.

గుర్ర్ర్... అంది బొగ్గు.

"చూశావా, మళ్లీ మొదలెట్టింది!" భర్త లేచాడు. టైలరమ్మ చెయ్యి అలవాటుగా స్కేలు మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఒక్కడుగు వెనక్కి వెయ్యండి."

ఆవిడ వెనక్కి జరిగింది. బొగ్గు గుర్రు ఆపి, ముందుకాళ్ల మీద మూతి పెట్టుకుంది. టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

"ఏమంటోందే అది?" అంది అత్తగారు.

"జరగమంటోంది అత్తయ్యా."

ఆవిడ అరచేతిలోని మచ్చ వైపు ఒకసారి చూసుకుంది. "ఈ ముక్క దాన్ని ఆ రోజే అననిచ్చి ఉంటే జరిగేదాన్ని కదే" అని, బల్లకు అటువైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి కోడలికి టీ ఇచ్చింది.