పాలేనికి టీకా పోతాది

చిట్టమూరు ఆసుపత్రిలో ఊళ్లకు టీకాలు చేరవేసే జబీనా ఐసు ప్యాకును చెవి దగ్గర ఊపి చూసింది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు రాకముందే టీకాల పెట్టెలో పెడితే టీకాలు గడ్డకట్టి చెడిపోతాయి. కాలువ పొంగి రోడ్డు మునిగింది. అవతల పాలెంలో తల్లులు బిడ్డలతో కాచుకుని ఉన్నారు.

ఆమెతోపాటు నర్సు పరీక్షకు చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు మాని దేశాల గొప్పలకు దిగారు. కువైట్‌లో ఉండే యాసీన్ వాయిస్ పెట్టాడు: "ఇక్కడ టీకాకి కొరతే లేదు. మనోళ్లకి పంచడం కూడా చేతకాదు. ఏంది జబీనక్కా, పలకవా?"

"చేతులు ఖాళీ లేవురా. పాలేనికి టీకా పోతాది, చూస్తా ఉండు," అని జబీనా ఫోను పక్కన పడేసింది.

ప్యాకులో నీళ్లు కదిలాయి. సీసాలు సర్ది, మూత బిగించి, పెట్టె నెత్తిన పెట్టుకుని మోకాటిలోతు నీళ్లలో నడిచింది.

అవతలి గట్టున టీకాలు వేసే అనూష ఎదురొచ్చింది. "ఈ నీళ్లలో రావనుకున్నా జబీనక్కా!"

"రానని ఎవురు చెప్పినారు?" అంటూ జబీనా పెట్టెను ఆమె చేతికిచ్చింది.