జ్ఞానసుందరి ఆపించిన సన్మానం

శ్రీకాకుళంలో మిషను వారి ఆడపిల్లల బడికి జ్ఞానసుందరి డ్రిల్లు టీచరు. కుచ్చెళ్లు ఎగదోపుకుని పిల్లలతో సమానంగా పరిగెత్తే మనిషి. పెళ్లీడు దాటుతుంటే ఈ గెంతులేమిటని చర్చిలో పెద్దమ్మలు నొచ్చుకున్నా నవ్వి ఊరుకునేది.

ఆమెను ఈ దారి పట్టించింది బరువులెత్తే నరసింగరావు. పన్నెండేళ్ల కిందట, అఖిల భారత పోటీల్లో పతకం గెలిచి విజయనగరం వచ్చిన కొత్తలో, ఆమె చదువుకునే బడికి వచ్చాడు. "ఆడపిల్ల బలంగా ఉంటేనే ఇల్లు నిలబడతాది" అన్నాడు. ఆ మాట ఆమెకు బైబిలు వాక్యంలా నాటుకుపోయింది.

అరవై ఎనిమిదిలో బడి ఆటల పండక్కి ఆయన్నే పిలిచింది. వస్తానని జాబు రాశాడు. సన్మానానికి మంచి ఖద్దరు కండువా తేవాలని తనే పొందూరు బస్సెక్కింది.

నేతగాడి అరుగు మీద తాయారనే ఆవిడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. పక్కనే పదకొండేళ్ల కూతురు పద్మకుమారి.

"ఎవులికమ్మా కండువా?" అంది తాయారు.

"బరువులెత్తే నరసింగరావుగారికి."

తాయారు చెయ్యి ఆగిపోయింది. కూతుర్ని మంచినీళ్లకు పంపించింది.

"ఆయన నా మొగుడే, టీచరమ్మా. కొట్టీవోడు. ఇది కడుపులో ఉండగా ఒగ్గీసి ఎలిపోనాడు. బరువులెత్తినప్పుడు ఊరంతా సూసింది. మమ్మల్ని కింద పడీసినప్పుడు ఎవులూ సూడనేదు."

జ్ఞానసుందరి మనసులో ఏళ్లు లెక్కేసుకుంది. ఆయన తమ బడిలో ఆ మాట చెప్పిన ఏడే అది. కండువా కొనకుండానే తిరుగు బస్సెక్కింది. దారి పొడుగునా, తన పన్నెండేళ్ల పరుగూ అబద్ధమైపోయినట్టు కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

మర్నాడు సెలవు పెట్టి విజయనగరం వెళ్లింది. నరసింగరావు వ్యాయామశాల గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"తాయారుగారి సంగతి, ఆవిడ కూతురి సంగతి నిజమేనా సార్?"

ఆయన ముఖం ముడుచుకున్నాడు. "అది ఇంటి సంగతమ్మా. ఆటకీ దానికీ ఏటి సంబంధం?"

"ఆ రోజు మీరు మాకు చెప్పింది ఇంటి సంగతే కదా సార్."

ఆయన నేల చూపులు చూశాడు. "ఆ పిల్ల పేరేటి?" అన్నాడు. కన్నకూతురి పేరు కూడా తెలియదు!

పేరు చెప్పింది. "పండక్కి మీరు రావద్దు సార్" అని కూడా చెప్పి వచ్చేసింది.

ప్రధానోపాధ్యాయిని మొదట మండిపడింది. ఊరంతా తెలిశాక ఇప్పుడు వద్దంటే ఎలాగంది. అంతా విన్నాక, బహుమతులు తనే పంచుతానంది.

జ్ఞానసుందరి మళ్లీ పొందూరు వెళ్లి సన్మానం మీకే చేస్తామని తాయారును వేదిక మీదికి రమ్మంది.

"నాకు దండలొద్దమ్మా. దీనికి పరుగు నేర్పు, సాలు."

వేసవి సెలవులయ్యి బడి తెరిచే నాటికి పద్మకుమారి ఆ బడి హాస్టల్లో చేరింది. మొదటి వారమంతా అమ్మ కోసం ఏడ్చింది. రెండో వారం మైదానం చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టింది. మరుసటేడు ఆటల పండక్కి తాయారు పొందూరు ఖద్దరు చీరొకటి కట్టుకుని వచ్చి, పరుగు గీత పక్కన నిలబడి గొంతు చించుకుంది. "పరిగెట్టే! ఎనక్కి సూడకు!"

పిల్ల మూడోదిగా వచ్చింది. రొప్పుతూ టీచరు దగ్గరకొచ్చి, "ఇంకోపాలి పెట్టండి టీచర్, ఈసారి గెలిసీగలను" అంది.

"ముందు నీళ్లు తాగు" అంది జ్ఞానసుందరి.