మిగులు చీటీ

మొన్న ఆదివారం మా కొంపల్లి అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ జాగాలకు చీటీలు వేశారు. లిఫ్టు పక్కన నీడపట్టున ఉన్న జాగా మీదే అందరి కళ్లూ. ముందు నేనంటే నేనని స్టీలు గిన్నె చుట్టూ ఒకటే తోపులాట. ఇంటర్ పిల్లలకు సంభావ్యత చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని కదా, ఊరుకోలేక ముందు తీసినా చివర తీసినా అవకాశం ఒకటేనని అన్నాను. వెంటనే మా సెక్రటరీ గారు నవ్వుతూ, "అట్లయితే మీరు కూసోండి మేడం, మిగిలింది మీకిస్తం" అన్నారు. ఆ మాటతో నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది, ఒళ్లు మండింది.

శామీర్‌పేట పక్కన మా ఊరి చెరువులో చేపలు పట్టే ఇళ్లు ఆరు. వానలు తగ్గాక ఎవరి వల ఎక్కడ వేయాలో మట్టికుండలో చీటీలు వేసి తేల్చుకునేవాళ్లు. తూము దగ్గరి జాగా వస్తే ఏడాదంతా పండగే. బండల వైపు వస్తే వల కుట్టుకోవడంతోనే సరి. మొగుడు, అంటే మా చిన్నబాపు, పోయాక చిన్నమ్మ ఒక్కతే వల మోసేది, తెల్లారకముందే చేపల తట్టతో మేడ్చల్ అంగడికి పోయేది. కానీ చీటీ తీయడానికి మాత్రం ఆమె చెయ్యి పనికిరాదన్నారు. మొగుడు పోయిన చెయ్యి కుండలో పెడితే చెరువుకే అరిష్టమట. అందరూ తీసుకున్నాక అడుగున మిగిలిందే ఆమెది. మిగులు చీటీ అంటే దరిద్రమని ఊరంతా నమ్మకం, ఆమె కూడా అదే నమ్మి కుమిలిపోయేది.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. సంభావ్యత పాఠం కొత్తగా తలకెక్కింది, ఎవరు దొరికితే వాళ్లకు చెప్పాలని నాలుక దురద. చిన్నమ్మ ముందు ఆరు చింతగింజలు పోసి, ఒకదానికి సున్నం పూసి, అది తూము అనుకోమన్నాను. కళ్లు మూసుకుని ఆరుగురికి తలా ఒకటి పంచితే సున్నం గింజ ఎవరి చేతికైనా రావచ్చు, మొదటివాడికీ ఆరింట ఒకటే, మిగిలిన గింజకూ ఆరింట ఒకటే అని చెప్పాను. నీకు అన్యాయం ఏమీ జరగలేదు, ఊరికే ఏడవకు అని కూడా అన్నాను. ఆమె గింజలను చాలాసేపు అటూ ఇటూ జరిపి చూసింది.

"లెక్క మంచిగనే ఉన్నది బిడ్డా. గంత సమానమే ఐతే, మిగిలింది బావనే దీసుకొమ్మను" అంది.

బావ అంటే చేపల సంఘం పెద్ద, చిన్నబాపుకు వరసకు అన్న. ఆ ఏడు చీటీల రోజున ఆయన కుండ వైపు వంగేలోపే చిన్నమ్మ కొంగు బిగించి ముందుకు నడిచి చెయ్యి పెట్టేసింది.

"ఏందమ్మా ఇది, ఎన్నడన్న ఉన్నదా?" అన్నాడాయన.

"ఇయ్యాల్టి సంది ఉన్నది బావా."

చీటీ విప్పి చదివింది నేనే. బండల వైపు. పెద్దాయనకు ఎక్కడలేని హుషారొచ్చింది, చూశారా ఆ చేతి మహిమ అని అందరినీ నవ్వించాడు. నాకు ఏడుపొచ్చింది. చిన్నమ్మ మాత్రం చీటీ కొంగున ముడేసుకుని, వచ్చే ఏడు కూడా తనే తీస్తానని చెప్పి ఇంటికి నడిచింది. ఏడాదంతా చిరిగిన వల కుడుతూనే ఉంది. మళ్లీ వానలు తగ్గాక అందరికంటే ముందు పోయి కుండ పక్కనే కూర్చుంది. ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు.

సెక్రటరీ గారికి ఇదంతా చెప్పలేదు. లేచి వెళ్లి గిన్నెలో చెయ్యి పెట్టాను. నాకు వచ్చింది స్తంభం పక్కన స్కూటీ కూడా సరిగా పట్టని మూల. నవ్విన వాళ్లను నవ్వనిచ్చాను. ఇన్నేళ్లలో మట్టికుండ పోయి స్టీలు గిన్నె వచ్చింది కానీ, ఒకరి వంతు ఇంకొకరు తేల్చేసే అలవాటు పోలేదు, అది పోయేదాకా నా చీటీ నేనే తీస్తాను.