గుమ్మం కింద నగరం నీళ్లు

ఓక్‌హీ ట్రాస్క్ కుట్టుకొట్టు గుమ్మం కిందుగా మనిషి దూరేంత లావు నీటిగొట్టం వెళ్తుంది. హాల్బర్ట్ నగరం శుద్ధి చేసిన నీళ్లు అందులోంచి ఫోర్ట్ లాన్యన్ సైనిక స్థావరానికి పోతాయి. ఓక్‌హీ కొళాయి తిప్పితే మాత్రం పెరటి బోరులోంచి తుప్పునీళ్లు వస్తాయి. అందుకని ఆమె పొద్దున్నే ఖాళీ డబ్బాలు పాత కారులో వేసుకుని బయల్దేరేది. గేటు దగ్గర సైనికుడి భార్యగా తనకిచ్చిన కార్డు చూపించి, లోపల ప్రార్థనా మందిరం వెనకున్న కొళాయి దగ్గర నీళ్లు పట్టుకునేది. తన గుమ్మం కిందుగా వెళ్లిపోయిన నీళ్లనే మళ్లీ తన గుమ్మంలోకి తెచ్చుకునేది. ఏళ్ల తరబడి ఇదే వరస. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా జాలిపడితే, "పోనీలెండి, మందిరం చూసొచ్చినట్టూ ఉంటుంది" అనేది.

ఓక్‌హీ కొట్టున్న మా పికెట్ వీధి వాళ్లకు ఈ కథ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మిల్లు మూతపడ్డాక హాల్బర్ట్‌లో జనం పలచబడ్డారు. ఒక అంకె దాటితేగాని పై ప్రభుత్వం పెద్ద నిధులు విదల్చదు. పిల్లల్ని కని జనాభా పెంచడం చాలా ఆలస్యమయ్యే పని. కనక నగర పెద్దలు దగ్గరి దారి వెతికి, స్థావరాన్నే నగరంలో కలిపేసుకున్నారు. అయితే కలుపుకునే నేల నగరాన్ని ఆనుకుని ఉండాలని చట్టం. మధ్యలో మేమున్నాం. మమ్మల్నీ కలుపుకుంటే నీళ్లివ్వాలి, మురుగుకాలవలు తవ్వాలి, దీపాలు పెట్టాలి. అంత ఖర్చు ఎవరు పడతారు? అందుకని మా వీధి గుండా స్థావరానికి పోయే రోడ్డు మీది తారును మాత్రం కలుపుకున్నారు! పటంలో చూడండి, హాల్బర్ట్ సన్నటి నాలుక చాపి స్థావరాన్ని నాకుతున్నట్టు ఉంటుంది. ఓక్‌హీ గుమ్మం నగరం బయట, కౌంటీ నేలలో, అంటే జిల్లా వాళ్ల కింద ఉంది. గుమ్మం ముందరి తారు నగరంలో ఉంది. ఆమె ఊడ్చిన దుమ్ముకు నగరవాసం దక్కింది, ఊడ్చిన మనిషికి దక్కలేదు.

నగరం పొలిమేరలో జనాభా అంకెతో పెద్ద బోర్డు పెట్టారు. ఆ అంకెలో సగం మంది ఆ ఏడంతా ఎక్కడో ఎడారిలో కాపలా కాస్తున్నారు. తక్కినవాళ్లలో చాలామందికి తాము హాల్బర్ట్ వాళ్లమని తెలియనే తెలియదు. రెండు మూడేళ్లుండి, ఇంకో స్థావరానికి సామాను కట్టుకుంటారు. ఎడారిలో ఉన్నవాడు హాల్బర్ట్ వాసి. సార్జెంట్ లెరాయ్ ట్రాస్క్‌ను పెళ్లాడి కొరియా నుంచి వచ్చి, అతన్ని ఈ మట్టిలోనే పూడ్చి, తండ్రుల చొక్కాలకూ తర్వాత కొడుకుల చొక్కాలకూ పేరుపట్టీలు కుట్టిన ఓక్‌హీ మాత్రం కాదు.

కిందటి చలికాలం స్థావరానికి కొత్త కమాండర్ వచ్చాడు. ఏదో ఒక కొత్త నియమం పెడితేగాని కొత్తవాడు వచ్చినట్టు జనానికి తెలియదు కదా. నీళ్లయినా నూనెయినా సరే, నిండు డబ్బాలు గేటు దాటకూడదన్నాడు. భద్రతట! గేటు కాపలాలో ఉన్న కార్పొరల్ మాడిగన్ ఆ సంగతి ఓక్‌హీకి చెప్పలేక చెప్పాడు.

"ఖాళీవే కదా నాయనా ఇవి?"

"ఖాళీవి లోపలికి రావచ్చమ్మా. నిండాక బయటికి పోకూడదు."

"అయితే కడుపునిండా తాగేసి రావాలా? ఒంటెననుకున్నావా నన్ను?"

మాడిగన్ నవ్వాపుకోలేక నెత్తిమీది టోపీ సర్దుకున్నాడు. "నా చొక్కా మీద ఈ చారలు కుట్టిందే నువ్వు. నిన్నాపడం నాకేమన్నా సరదానా అమ్మా?"

"ఇలా ఆపుతావని తెలిస్తే వంకరగా కుట్టేదాన్ని."

ఆ రోజు నుంచి కొట్టుకొచ్చే సైనికుల బట్టలు ఉతకడానికీ ఇస్త్రీకీ తుప్పునీళ్లే గతి. లేత రంగు చొక్కాల మీద గోధుమరంగు మరకలు పడ్డాయి. సైనికులు మొహమాటపడుతూనే బట్టలు వేరేచోటికి పట్టుకుపోసాగారు. వీధికి నీళ్లు రాకపోతే కొట్టు మూసుకోవాల్సిందే. అప్పుడు ఓక్‌హీ మొదటిసారి నోరు విప్పాలనుకుంది.

నగర సభకు వెళ్లింది. అక్కడ మనిషికి మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. నగరవాసులైతేనే సుమా.

"ట్రాస్క్ గారూ, మీరంటే మాకెంతో గౌరవం" అన్నాడు మేయర్ క్లిఫర్డ్ బెల్‌నాప్. "కానీ మీరు మా నగరంలో లేరు."

"మరి నేనెక్కడుంటున్నానండీ?"

"కౌంటీలో."

"నీళ్ల సంగతి నగరమే చూస్తుందని కౌంటీవాళ్లన్నారు."

"నిజమేనండీ. నీళ్లను మేం చూస్తాం, మిమ్మల్ని వాళ్లు చూస్తారు."

ఆమె పక్కన డెలోరిస్ ఫ్యూగేట్ కూర్చుని ఉంది. స్థావరం క్వార్టర్లలో ఉండే సార్జెంట్ భార్య. చీకట్లో కారు నడపలేని ఓక్‌హీని తీసుకొచ్చింది ఆమే. చివాల్న లేచింది.

"మేయర్ గారూ, నేను మీ నగరవాసినేనా?"

"క్వార్టర్లలో ఉంటే నిస్సందేహంగా నగరవాసేనమ్మా."

"అబ్బో! వచ్చి ఆర్నెల్లయింది, నాకే తెలీదు. ఈ భవనం ఎక్కడుందో కూడా ఇవాళ పెద్దమ్మ దారి చెబితే తెలిసింది. సరే, నా మూడు నిమిషాలూ ఆవిడకిచ్చేస్తున్నా."

"అలా ఇచ్చిపుచ్చుకోడానికి వీల్లేదమ్మా."

"అయితే నేనే మాట్లాడతా. ఏం మాట్లాడాలో ఆవిడ చెబుతుంది."

ఇక ఆ సభలో విచిత్రమైన అనువాదం మొదలైంది. ఓక్‌హీ చక్కటి ఇంగ్లీషులో ఒక మాట చెప్పేది. డెలోరిస్ అదే మాటను అదే ఇంగ్లీషులో మళ్లీ చెప్పేది. ఓక్‌హీ గొంతు వినిపించినంతసేపూ మేయరు పైకప్పు కేసి చూసేవాడు. డెలోరిస్ అందుకోగానే శ్రద్ధగా తలాడించేవాడు.

"గొట్టం నా గుమ్మం కిందే ఉంది."

"గొట్టం ఆవిడ గుమ్మం కిందే ఉంది. సిగ్గుండాలి."

ఓక్‌హీ ఆమె చెయ్యి గిల్లింది. "సిగ్గుండాలని నేననలేదే!"

"అది నా సొంతం పెద్దమ్మా. నగరవాసిని, అనొచ్చు."

ప్రతి మాటా రెండుసార్లు చెప్పడంతో మూడు నిమిషాలు ఇట్టే అయిపోయాయి. కొట్టు మూతపడే సంగతి చెప్పబోతుండగా గంట మోగింది. ఒక సభ్యుడు ఖాళీ కుర్చీల కేసి చూసి, "అడిగే నగరవాసి ఒక్కరే ఉంటే దాన్ని ప్రజల కోరిక అనగలమా?" అన్నాడు. విషయం వచ్చే నెలకు వాయిదా వేశారు. వచ్చే నెలకు డెలోరిస్ ఉండదు. వాళ్లాయనకు అలాస్కాకు బదిలీ అయింది.

అందుకే క్వార్టర్లలో ఉంటున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీకెవరూ చెప్పలేదుగాని, మీరు హాల్బర్ట్ వాసులు. మీ తలలు లెక్కపెట్టి నగరం నిధులు తెచ్చుకుంటోంది. వచ్చే నెల రెండో మంగళవారం సాయంత్రం ఆరింటికి నగర సభకు రండి. యూనిఫాం వద్దు, మామూలు బట్టల్లో రండి. చంటిపిల్లలుంటే తీసుకురండి. మీరు మాట్లాడేంతసేపూ వరండాలో పికెట్ వీధి వాళ్లం ఎత్తుకుంటాం. మీ చిరునామా చెప్పి, ఓక్‌హీ పక్కన నిలబడి, మా వీధికి నీళ్లివ్వమని అడగండి. ఈలోగా మీకూ బదిలీ వస్తే, సామాను సర్దుకునేముందు పక్కింటి తలుపు తట్టి ఈ సంగతి చెప్పి వెళ్లండి.