పుస్తె కట్టే వేళ నవ్విన పలక

నవ్వడానికి కూడా ఒక యంత్రం ఉంటుందని ఎవరైనా చెబితే ఆ కాలంలో మా వైపు ఎవరూ నమ్మేవారు కాదు. పాట కావాలంటే నాట్లేసే ఆడవాళ్ల నోట వినాలి, నవ్వు కావాలంటే పక్కింటి మొగుడూ పెళ్లాల తగవు వినాలి, అంతే. నిజాం సర్కారు రోజులు. కొల్లాపూర్ నుంచి పొద్దంతా నడిస్తే వచ్చే ఊరు మాది. అలాంటి ఊళ్లోకి మా ఆయన పాటల పెట్టె తెచ్చాడు. పెళ్లికి ముందు ఆయన హైదరాబాదులో ఒక సాహెబు ఇంట్లో నీళ్లు మోసేవాడు. ఆ సాహెబు వేరే ఊరికి పోతూ, ఇంత బరువు ఎక్కడ మోసుకుపోతానని పెట్టెను ఈయన నెత్తిన పెట్టాడు. చదువుకున్నవాళ్లు రికార్డులు అని పిలిచే నల్ల పలకలను ఈయన తర్వాత పాత సామాన్ల బజారులో ఏరుకొచ్చాడు. ఇక పెళ్లి అయినా, పోచమ్మ పండుగ అయినా, పెట్టె నెత్తిన, గంప చంకన పెట్టుకుని ఊరూరా తిరగడమే ఆయన బతుకుదెరువు.

అన్ని పలకల్లోనూ జనం ప్రాణం పెట్టేది ఒక్కదానికే. దాన్ని నవ్వుల పలక అనేవారు. అందులో ఒక మగాయన తన పెళ్లాం మీద ఏదో ఫిర్యాదు చెప్పబోతాడు. నోరు తెరవగానే నవ్వొస్తుంది. ఆపుకుంటాడు, మళ్లీ మొదలుపెడతాడు, మళ్లీ నవ్వు. చివరికి పెళ్లాం వచ్చి ఆమె కూడా నవ్వుతుంది. అసలు ఫిర్యాదేమిటో పలక అయిపోయేదాకా తెలియదు. (ఈనాటికీ నాకు తెలియదు.) ముసలివాళ్లు కళ్లు తుడుచుకుని, ఇంకొక్కసారి పెట్టు కొడుకా అని బతిమాలేవారట. నేను మాత్రం అప్పటికి వినలేదు. ఒక్కో సూది నాలుగు పాటలకు మొద్దుబారుతుంది, సూదులేమో పట్నం నుంచి రావాలి, కాబట్టి ఇంట్లో పెట్టె పాడకూడదని ఆయన కట్టడి.

నేను కాపురానికి వచ్చి అప్పటికి రెండు నెలలు కాలేదు. అత్త దగ్గర నాకు మంచి పేరు రాలేదు. ఒకనాడు పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను, ఒకనాడు తలుపు వేయడం మరిచి దూడ తల్లి పాలన్నీ తాగిపోయేలా చేశాను. ఆ రెండోనాడు అత్త అరవలేదు. నెమ్మదిగా, చాట చెరుగుతూ, "ఇంకొక్క పని చెడగొట్టు బిడ్డా, బండి కట్టిచ్చి మీ తల్లిగారింటికి తోలుత," అంది. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు. మా నాయిన నన్ను పంపడానికే పడరాని పాట్లు పడ్డాడు. నేను తిరిగిపోతే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు?

అందుకే మంచి పేరు తెచ్చుకోవాలని పట్టుదల పట్టాను. పక్క ఊరి పటేలు ఇంట్లో పెళ్లి, మా ఆయన్ను పెట్టె తెమ్మన్నారు. ముందు రోజు ఆయన ఎటో పోయి ఉండగా నేను గంప విప్పాను. పలకలన్నీ దుమ్ము. పైగా ప్రతి పలక మధ్య కాగితం పక్కన ఎవరో పసుపో, కుంకుమో, సున్నమో అంటిన వేళ్లు పెట్టినట్టు మరకలు. పెళ్లిళ్లలో తిరిగే సామాను కదా, తాంబూలం చేతులతో ముట్టుకుని ఉంటారనుకున్నాను. కుంకుడు రసంలో గుడ్డ ముంచి ఒక్కొక్కటీ అద్దంలా తుడిచాను. ఎండ తగిలితే అప్పడంలా వంగుతాయని ఆయన ఎప్పుడో అన్న మాట గుర్తుండి, నీడలోనే ఆరబెట్టాను. (ఇంత తెలివి ఉన్నదానికి ఆ ఇంకొంచెం తెలివి ఎందుకు లేకపోయిందో!) తర్వాత దేనికదే పాత పంచె గుడ్డలో చుట్టి గంపలో సర్దాను.

మర్నాడు ఆయన నన్ను కూడా వెంట రమ్మన్నాడు. ఆయన చావి తిప్పుతుంటే నేను పలకలు అందించాలి. పటేలు గట్టి మనిషి. దేవుని పాట ముందు మోగాలి, అదీ సరిగ్గా పుస్తె కట్టేటప్పుడే మోగాలి, అంతకుముందు ఆ పెట్టె నోరు తెరవడానికి వీల్లేదు అన్నాడు. మేము పందిరి మూల పెట్టె దించుకుని, పువ్వులాంటి గొట్టం బిగించి కూర్చున్నాం. జనమంతా పెళ్లికూతురిని వదిలి మా వైపే చూస్తున్నారు. నాకు లోలోపల గర్వంగానే ఉంది. పెళ్లి చేయించే అయ్యగారు పుస్తె తీసి పెద్దల చేతికి ముట్టించి తెమ్మని పంపారు. అప్పుడు మా ఆయన నా వైపు చెయ్యి చాపాడు.

"పసుపు బొట్టుది ఇయ్యి."

"బొట్టేంది?"

"బొట్టే. దేవుని పాటకు పసుపు, నవ్వుల పలకకు సున్నం. నాకు సదువొస్తదా, గట్ల గుర్తు పెట్టుకున్న."

"అన్ని కడిగిన," అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టడానికి వ్యవధి లేదు. గబగబా గుడ్డలు విప్పాడు. అన్నిటి మీదా ఒకే ఎర్ర కాగితం, ఒకే రకం అక్షరాలు. ఎక్కువ తిరిగిన పలక అరిగి బూడిద రంగుకు వస్తుంది, దాన్నిబట్టి పడతానన్నాడు. అలాంటివి రెండు తేలాయి. ఒకటి ప్రతి పెళ్లిలోనూ పుస్తె కట్టేటప్పుడు పెట్టే దేవుని పాట, రెండోది ప్రతి పెళ్లిలోనూ జనం పదిసార్లు అడిగే నవ్వుల పలక. దేవుడూ నవ్వూ సమంగా అరిగిపోయి ఉన్నారు.

పుస్తె పెళ్లికొడుకు చేతికి వచ్చింది. "కడిగినదానివి నువ్వే, నువ్వే చెప్పు," అన్నాడాయన. నేను కళ్లు మూసుకుని ఆయన ఎడమ చేతిలో ఉన్నదాన్ని చూపించాను.

సూది ఆనించాడు. హార్మోనియం మోగింది. దేవుని పాటకు ముందూ హార్మోనియమేనని ఆయన చెప్పి ఉన్నాడు, నా గుండె కుదుటపడింది. ఆయన కూడా ఊపిరి వదిలాడు. అప్పుడు గొట్టంలోంచి ఒక మగాయన గొంతు సవరించుకున్నాడు. దేవుని పాటలో గొంతు సవరింపు ఉండదు. నేను ఆయన మొహం చూశాను, ఆయన నేల చూశాడు. గొట్టంలోని మగాయన "హి" అన్నాడు, ఆపుకున్నాడు, మళ్లీ "హిహి" అన్నాడు, ఆ తర్వాత ఇక ఆగలేదు. సూది లేపుదామా అంటే పుస్తె కట్టేటప్పుడు మోత ఆగితే అపశకునం. ఉంచుదామా అంటే ఇది. మా ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

పందిరంతా బిగుసుకుపోయింది. పటేలు చేతికర్ర పట్టుకుని లేచాడు. "ఎవడ్రా గా పెట్టె తెచ్చినోడు?" అంటూ మా వైపు రెండడుగులు వేశాడు. నేను గంప వెనక్కి దాక్కున్నాను, గంపేమో నా మోకాలంత కూడా లేదు. అప్పుడు పటేలు తల్లి, పళ్లన్నీ ఊడిన ముసలమ్మ, కూర్చున్నచోటు నుంచే కొడుకు పంచె అంచు పట్టుకుంది.

"కూసో కొడుకా. నా పెండ్లిల అందరు ఏడ్సిన్రు, మాయమ్మ సుత ఏడ్సింది. గీ పిల్ల పెండ్లిలనన్న జర నవ్వనియ్యి."

అని ఆమె నవ్వింది. పళ్లు లేని నవ్వు, గాలి పోయినట్టు ఉంటుంది. దాన్ని చూసి పెళ్లికూతురి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని తల్లి ముసుగు ఎత్తి చూస్తే ఆ పిల్ల నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. ఇక అయ్యగారు మంత్రం మధ్యలో వదిలేశారు. పెళ్లికొడుకు నవ్వు ఆపుకోలేక మూడో ముడి వేయలేకపోతే ఆడబిడ్డ వేసింది. పటేలు మాత్రం మీసం కొరుక్కుంటూ గుంజ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు ఊగడం నేను కళ్లారా చూశాను.

తిరుగుదారిలో వాగు దాటాక మా ఆయన పెట్టె దించి, రాయి మీద కూర్చుని, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. నేనూ ఆయన పక్కనే చతికిలబడ్డాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. బహుశా రెండూ.

ఇంటికి చేరేసరికి కబురు మాకంటే ముందే చేరింది. అత్త గడపలో నిలబడి ఉంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఊరందరికి నవ్వు పంచి వస్తిరి. నేనొక్కదాన్నేనా ఇననిదాన్ని? పెట్టుండ్రి, నేను సుత ఇంట," అని గడప మీదే చతికిలబడింది. మా ఆయన కట్టడి పక్కన పెట్టి కొత్త సూది తీశాడు. బండి మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. పలకలు కడగకముందే, అత్త ఆ మాట అన్ననాడే, నేను రెండు చీరలూ ఒక దువ్వెనా మూట కట్టి గాదె వెనక దాచుకున్నాను. తోలేసేటప్పుడు వెతుక్కోకూడదని. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆ మూట విప్పుకున్నాను. తర్వాత ఆ ఇంట్లో అరవై ఏళ్లున్నాను, అత్తను సాగనంపాను, ఆయన్నూ సాగనంపాను. ఇప్పుడు ఆ మూట కట్టుకున్న పిల్ల కనబడితే ఏమంటాననుకున్నారు? ఏమీ అనను. పదహారేళ్లు కూడా లేని పిల్ల, మూటలో దువ్వెన మరిచిపోకుండా పెట్టుకుంది చూడండి, ఆ ముందుచూపుకు నవ్వుకుంటాను.