సిస్టరమ్మ జిమ్మ

సిస్టరమ్మ పోయిందని పోయిన బుధవారం మాదాపూర్‌లో మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. గుండెపోటట. ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇక మా ఇంటికి దిక్కెవరు అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే.

చందానగర్‌లో ఆమె మా ఇంటి ఓనరు. గల్ఫ్‌లో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి, అక్కడ యుద్ధం వచ్చాక తిరిగొచ్చిన మనిషి. మేము కోస్తా నుంచి కొత్తగా దిగిన వారంలోనే, "పిల్లను నా కాడ ఇడిసి ఆఫీసుకు పో బిడ్డా, నా జిమ్మ" అంది. జిమ్మీ అనే కుక్కను కాపలా పెడుతుందేమోనని, "కరవదు కదండీ?" అని అడిగాను. పడీ పడీ నవ్వింది. జిమ్మ అంటే పూచీ అని తర్వాత తెలిసింది. ఆ పూచీ మీదే రెండేళ్లు నిశ్చింతగా ఉద్యోగం చేసుకున్నాను.

నన్ను చూసి నవ్విందే కానీ, ఆమె నాకంటే పిరికిది. కొత్త భవనాల కోసం ఇంటి వెనక గుట్టల్లో బండలు పేల్చేవాళ్లు. పేల్చే ముందు ఊదే ఈల వినబడగానే వీధిలోని పిల్లల్నీ, కూరగాయలామెనూ, చివరికి పోస్ట్‌మ్యాన్‌ని కూడా వరండాలోకి లాగి గ్రిల్ వేసేది. "చాలా దూరంలో పేలుస్తున్నారండీ" అన్నా వినేది కాదు.

"భయం తప్పు గాదు బిడ్డా. భయమైనోళ్లే గొళ్లెం రెండుసార్లు చూస్తరు" అనేది.

ఒక మధ్యాహ్నం పేలుడుకు కిటికీ అద్దం పగిలింది. ఆ రోజే గల్ఫ్‌లో జరిగిన సంగతి చెప్పింది, నా మోచెయ్యి వదలకుండా.

పొరుగు దేశం సైన్యం ఆమె పనిచేసే నగరాన్ని పట్టుకున్న వారమది. పోలీసులు లేరు. తుపాకీ ఉన్నవాడిదే రాజ్యం. ఇళ్లు దోచుకుంటున్నారు, ఆడవాళ్లను జీపుల్లో ఎక్కించుకుపోతున్నారు. ఆసుపత్రికి వచ్చిన సైన్యాధికారిని సిస్టరమ్మ తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అడిగింది: "ఊరు పట్టుకున్నది మీరే గద సాబ్. మరి ఊర్లె మనుషులు ఎవరి జిమ్మ?"

జిమ్మ అనే మాట కాస్త యాస తేడాతో వాళ్ల భాషలోనూ ఉందట. అధికారి ఆసుపత్రి గేటుకు తాళం వేయించి, లోపల ఒక సిపాయిని నిలబెట్టాడు. "గేటు లోపలున్నవాళ్లు నా జిమ్మ" అని చెప్పి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లాడు.

గంట తిరక్కుండానే ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కడప నుంచి అక్కడి ఇళ్లలో పనికి వెళ్లిన పిల్ల. కాళ్లకు చెప్పుల్లేవు. ఆమె వెనకే, వీధి మలుపులో జీపు. "అమ్మా, గేటు తియ్యండమ్మా!" అని తెలుగులో అరిచింది. బయటివాళ్ల సంగతి తనకు చెప్పలేదన్నాడు సిపాయి. తాళంచెవీ లేదు.

"లోపల్కి ఉరుకుదామనే అనిపించింది బిడ్డా" అంది సిస్టరమ్మ.

ఉరకలేదు. ఊచల సందులోంచి ఆ పిల్ల చెయ్యి అందుకుని మోచెయ్యి దాకా లోపలికి లాగింది. "చూడు, చెయ్యి లోపలున్నది. ఇగ మనిషి మీ జిమ్మనే" అంది సిపాయితో.

జీపు వచ్చి ఆగింది. దిగినవాళ్లు ఆ పిల్లను రెండో చెయ్యి పట్టి లాగారు. సిస్టరమ్మ వదల్లేదు. సిపాయి తుపాకీ ఊచల్లోంచి బయటకు పెట్టి ఆ ఒక్క మాటే అరిచాడట. జిమ్మ. ఇంకోసారి అరిచాడు. వాళ్లు బూతులు తిట్టుకుంటూ జీపెక్కారు.

అధికారి వచ్చి తాళం తీసి, వాళ్లిద్దరూ ఉన్న రెక్క కాక, గేటు రెండో రెక్క తెరిపించేసరికి ఎండ వాలింది. ఆ పిల్ల లోపలికి రావాలంటే ముందు పట్టుకున్న చెయ్యి వదలాలి. సిస్టరమ్మ వేళ్లు విడివడలేదు. పక్కనే గేటు బార్లా తెరిచి ఉంది. వాళ్లిద్దరూ మాత్రం ఊచలకు అటొకరూ ఇటొకరూ నిలబడి, చెయ్యి వదల్లేక ఏడుస్తూనే ఉన్నారు.