ఎడమ ముందు చక్రం చప్పుడు

మా మేనకోడలు లలిత ఫోనులో ఏడవలేదు, కోప్పడింది. "ఆదివారం నా కారు అమ్మేస్తారట మావయ్యా. బ్రేకులు మార్పించిన కాడ్నుంచి సప్పుడొస్తంది. అమ్మ దిష్టంటాది. నాన్న మెకానిక్ దొంగంటాడు. ఆ సప్పుడెక్కడిదో ఒక్కలూ సూడరు."

లలిత రోజూ ఖరగ్‌పూర్ నుంచి మేదినీపూర్‌లోని బడికి ఆ కారులోనే వెళ్లి పాఠాలు చెబుతుంది. కారు పోతే ఒంటరిగా తిరిగే స్వేచ్ఛ కూడా పోతుంది. అందుకే శనివారం ఉదయం ఏడింటికి విజయనగరంలో హౌరా వైపు వెళ్లే రైలెక్కాను.

ఎదుటి సీట్లో పలాస జీడిపప్పు వ్యాపారి. సంగతి విని, "కొత్త బ్రేకులు నాల్రోజులు అరుస్తాయండీ, తర్వాత వాటంతటవే ఊరుకుంటాయి" అన్నాడు.

"ఊరుకోవడానికి అవి పసిపిల్లలా? మెకానిక్ నాసిరకం సరుకు వేసుంటాడు" అన్నాను గట్టిగా. భువనేశ్వర్‌లో పూరీ, ఆలూకూర. సాయంత్రం అయిదున్నరకు ఖరగ్‌పూర్. టోటో అనే బ్యాటరీ ఆటోవాడు ముప్పై రూపాయలకు ఖరిదాలో అక్క ఇంటి ముందు దించాడు.

కారు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. నేనూరుకోలేదు. "అక్కా, బ్రేకు ఎక్కడుంటుందో ఆ నిమ్మకాయకు తెలుసా?"

"నీకు తెలుసేటి?" అంది అక్క.

తెలియదు. బావ సింహాచలం పకపకా నవ్వాడు. రైల్వేలో ముప్పయ్యేళ్లు బండి చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు కనిపెట్టిన మనిషి ఆయన.

ఆదివారం ఉదయం ఏడింటికి లలిత కారు తీసింది. కొనేవాడు పదకొండింటికి వస్తాడు. రైల్వే క్వార్టర్ల పొడవాటి గోడ పక్కన, అద్దాలు దించి నడపమన్నాను. గోడకు తగిలి చప్పుడు స్పష్టంగా వినిపించింది: సర్ర్, సర్ర్, ఎడమ ముందు చక్రం దగ్గర. వేగం పెరిగితే చప్పుడూ తొందరపడింది. బ్రేకు నొక్కితే మారాలి కదా? మారలేదు. అంటే రాపిడి బ్రేకుది కాదు. రైల్లో నేను చెప్పిన తీర్పు అక్కడే కూలింది.

ఎనిమిదింటికి బావను బతిమాలి వెంటబెట్టుకుని మెకానిక్ తపన్ షెడ్డుకు వెళ్లాం. తపన్ చక్రం విప్పి టార్చి వేశాడు. చక్రంతోపాటు తిరిగే బ్రేకు పళ్లెం వెనక, బురద పడకుండా పల్చటి రేకు ఒకటి ఉంటుందట. దాని మీద పళ్లెం రాసుకున్న మెరిసే గీత. గీత పక్కనే గుండ్రటి సొట్ట.

"కాకూ, హతౌడీ కౌన్ మారా?" అన్నాడు తపన్.

బాబాయ్, సుత్తితో కొట్టిందెవరని అతని ప్రశ్న. బావ ఆ సొట్టను తడిమి, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "కొట్టనేదురా. అడిగినాను. సక్రం ఎవులి సేతిలోంచి వచ్చినా తట్టి అడగందే నాకు నిద్రట్టదు. ఈడు బిగించినాక ఇంటికాడ మళ్లీ ఇప్పి అడిగినాను."

"బండి సక్రాన్ని అడిగినట్టు నా మారుతీనడిగితే ఏటి సెప్తాది నాన్నా?" అంది లలిత.

తపన్ రేకును వేళ్లతో వంచి సరిచేశాడు. చక్రం తిప్పితే చప్పుడు లేదు. బావ అతని చెయ్యి పట్టుకుని పక్కన తెలుగువాళ్లు కూర్చునే టీకొట్టు ముందుకు తీసుకెళ్లాడు. "నిన్ను దొంగన్నది ఈ నలుగుర్లోనే. తప్పు నాదని కూడా ఈ నలుగుర్లోనే సెప్తన్నాను. గలతీ మేరా."

"ఠీక్ హై కాకూ. చా పిలాయియే" అన్నాడు తపన్, టీ ఇప్పించమంటూ.

కొనేవాడికి బావే ఫోను చేసి రావద్దన్నాడు.

సోమవారం ఉదయం లలిత నన్ను స్టేషన్లో దించి బడికి వెళ్లింది. రైల్లో కూర్చున్నాక ఆలోచించాను. నలభై ఏళ్లుగా హేతువాద సభల్లో రుజువు చూపమని అరిచినవాణ్ణి, ముఖం కూడా చూడని మెకానిక్‌ను దోషిని చేశాను. బావ తన తప్పు టీకొట్టు ముందు దిద్దుకున్నాడు, నాది ఈ రాతలో దిద్దుకుంటున్నాను. మీ కారు అరిస్తే ముందు చెవి పెట్టండి, ఆ తర్వాతే నోరు విప్పండి.

రైలు కదిలిన అరగంటకు లలిత ఫోను. "సేరిపోనాను మావయ్యా. సప్పుడు నేదుగదా, దారంతా ఒక్కలూ నాయేపు తిరిగి సూడనేదు."